స్కాన్‌లో గీత పడుతోందా? కొత్త స్కానర్ కొనే ముందు ఫిల్మ్ తిప్పి పెట్టి చూడండి

పాత నెగటివ్‌లు, స్లైడ్లు స్కాన్ చేసుకుందామని అగ్గువలో ఒక స్కానర్ కొనడం, వారం తిరక్కముందే "ఇది పనికిరాదు, ఇంకా మంచిది ఏది?" అని అడగడం మామూలైపోయింది. అడిగిన ప్రతివాళ్ళనీ నేను అడిగేది ఒకటే. ఆ నెగటివ్‌ను కిటికీ వెలుగులో పట్టుకుని కళ్ళతో చూశారా? చూడరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీటలన్నీ కెలుకుతారు, డ్రైవర్ మళ్ళీ వేస్తారు, ఫిల్మ్ మాత్రం చూడరు.

చూశాక, అదే ముక్కను ఈ చివర ఆ చివరకు వచ్చేలా తిప్పి పెట్టి ఇంకోసారి స్కాన్ చేయండి. లోపం ఫిల్మ్‌తో పాటు కదిలితే ఫిల్మ్‌ది, ఉన్నచోటే ఉంటే స్కానర్‌ది. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా కింద రాసింది చదివినా లాభం లేదు.

స్కాన్ మొత్తం నల్లగా వస్తోంది

ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పెట్టి, మూత వేసి స్కాన్ చేసే రకం) మూత లోపల తెల్ల అట్ట ఒకటి ఉంటుంది, కాగితాలు స్కాన్ చేసేటప్పుడు వాడేది. అది తీస్తేనే మూతలోని లైట్ ఫిల్మ్ మీద పడుతుంది. మీరు తీయలేదు, అంతే. తీసి, సాఫ్ట్‌వేర్‌లో డాక్యుమెంట్ బదులు ఫిల్మ్ అని పెట్టండి. అసలు మూతలో లైటే లేకపోతే మీది ఫిల్మ్ స్కానరే కాదు. కెనాన్ లైడ్ 300, 400, ఎప్సన్ వి39 లాంటి పలచటి స్కానర్లు కాగితాలకే. పైనుంచి ఫోన్ టార్చ్ వేసి లాగే ప్రయత్నాలు చాలా చూశాను, ఒక్కటీ బాగా రాలేదు.

బొమ్మ కుడి ఎడమలు మారింది

ఫిల్మ్ బోర్లా పడింది. మెరిసే వైపు, మసకగా ఉండే వైపు ఏది ఎటుండాలో హోల్డర్ (ఫిల్మ్ ముక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉంటుంది. మళ్ళీ స్కాన్ చేయక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ కొడితే చాలు. కాకపోతే మారిందని ముందు కనిపెట్టాలి కదా. చార్మినార్ ఎటు తిప్పినా చార్మినారే, దాన్ని చూస్తే తెలియదు, వెనక దుకాణాల బోర్డులు చూడండి. ఇంట్లో తీసిన ఫోటో అయితే అమ్మమ్మ పైట కుడి భుజం మీదకు వచ్చిందేమో చూడండి.

పొడవునా సన్న గీత, అన్ని ఫ్రేముల్లోనూ అదే చోట

అసలు ఇది రాయడం మొదలుపెట్టిందే దీని కోసం. స్లైడ్లలో తెల్లగానో రంగుగానో వెంట్రుకవాసి గీత, నెగటివ్‌లలో అయితే ముదురు గీత. మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా తెగకుండా సాగుతుంది. చూసినవాళ్ళు రెండే అనుకుంటారు: నెగటివ్ గీసుకుపోయిందని, లేదా సెన్సర్ పోయిందని. ఫ్లాట్‌బెడ్ హోల్డర్‌లో 35 ఎంఎం ముక్కను పొడవుగా పెడతాం, కింద సెన్సర్ ఉన్న బండీ కూడా అదే పొడవున నడుస్తుంది. కాబట్టి కెమెరాలోనో ల్యాబ్‌లోనో పడిన గీతా, స్కానర్ తెచ్చిపెట్టే గీతా ఒకే దిశలో ఉంటాయి. మోసపోయేది ఇక్కడే. ఫిల్మ్ తిప్పి పెట్టమని మొదట్లోనే మొత్తుకున్నది ఇందుకే. కొంచెం అలవాటైతే చూసి కూడా చెప్పొచ్చు, ఫిల్మ్ మీది గీత ఎక్కడో ఒకచోట కాస్త వంకర పోతుంది, స్కానర్ గీత స్కేలు పెట్టి గీసినట్టే ఉంటుంది, ఫ్రేముల మధ్య ఖాళీలో కూడా ఆగదు.

తిప్పినా గీత అక్కడే ఉంటే హోల్డర్ పై చివర చూడండి. ఫ్రేములు మొదలవ్వక ముందు అడ్డంగా ఒక ఖాళీ సందు ఉంటుంది. అది డిజైన్ కోసం వదిలింది కాదు. ప్రతి స్కాన్ ముందూ స్కానర్ ఆ సందులోంచి మూతలోని లైట్‌ను నేరుగా చూసి, సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌కూ తెలుపు అంటే ఇంత అని లెక్క పెట్టుకుంటుంది. సరిగ్గా అక్కడ అద్దం మీద ఒక్క దుమ్ము నలుసు ఉంటే, ఆ పిక్సెల్‌కు వెలుగు తక్కువ అందుతోందని అనుకుని దాన్ని పెంచేస్తుంది. తక్కెడ పళ్ళెంలో రాయి ఉండగానే సున్నా సరిచేసుకున్నట్టు. ఇక ఆ స్కాన్ అయ్యేదాకా ఆ పిక్సెల్ ప్రతి వరసలోనూ తప్పే చెబుతుంది, అవన్నీ కలిసి గీత అవుతాయి. ఫిల్మ్ శుభ్రంగానే ఉంటుంది, దాని కింద అద్దమూ శుభ్రంగానే ఉంటుంది, ఎందుకంటే మీరు తుడిచింది అక్కడే. నిజానికి మధ్యలో తుడిచిన దుమ్మును బట్టతో అంచుకు తోసి, సరిగ్గా ఆ సందు కింద వదిలేస్తారు.

మలక్‌పేటలో మా బాబాయి స్కానర్‌కు ఇదే వచ్చింది. బాగుచేసేవాళ్ళు తెరిచి కూడా చూడకుండా సెన్సర్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. "ఇగ దీన్ని కబాడీల ఏసుడే" అంటున్నాడు. ఆగు బాబాయ్ అని హోల్డర్ తీసి, సందు వచ్చే చోట అద్దం మీదకు టార్చ్ పక్కవాటుగా వేసి చూస్తే పాత బనియన్ నూలు పోగు, గోరంత కూడా లేదు. ఆ బనియన్ ముక్కతోనే రోజూ అద్దం తుడుస్తున్నాడు! రబ్బరు బ్లోయర్‌తో ఊది మళ్ళీ స్కాన్ చేస్తే గీత లేదు.

మీరూ అదే చేయండి. స్కానర్ ఆపేసి, ఫ్యాన్ కూడా ఆపేసి, టార్చ్ పైనుంచి కాకుండా పక్కనుంచి వేయండి, అప్పుడే నలుసు కనబడుతుంది. ముందు బ్లోయర్, తర్వాతే మైక్రోఫైబర్ బట్ట, అది కూడా సందు దగ్గర మొదలుపెట్టి బయటికి. ఎదురుగా మూతలో ఉన్న అద్దాన్నీ అదే చోట చూడండి, హోల్డర్ సందు అంచుల్ని వేలితో తడమండి, ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంటుంది ఒక్కోసారి. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. అద్దం మీద నేరుగా స్ప్రే కొట్టకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. హోల్డర్ మీది బాణం గుర్తు స్కానర్ మీది గుర్తుకు ఎదురుగా ఉందో లేదో కూడా చూసుకోండి, హోల్డర్ తిరగబడి సందు మూసుకుపోతే గీతతో ఆగదు, స్కాన్ మొత్తం రంగు మారుతుంది. మన దగ్గర ఏ గల్లీలో చూసినా ఒక పాత ఇల్లు కూలగొడుతూనే ఉంటారు, కాబట్టి కిటికీ పక్కన స్కానర్ పెట్టినవాళ్ళు రోల్ మార్చినప్పుడల్లా ఇది చూసుకోక తప్పదు. ఇంత చేసినా గీత పోకపోతే నలుసు అద్దం లోపలి వైపు ఉండొచ్చు, అప్పుడు తెరవాల్సిందే, వారంటీ ఉంటే మీరు తెరవకండి.

కెమెరా మాదిరి చిన్న డబ్బా స్కానర్లు ఒక్క దెబ్బకే ఫోటో తీస్తాయి కాబట్టి వాటిలో ఈ గీత రాదు. అన్ని ఫ్రేముల్లో ఒకే చోట చుక్క కనబడితే లోపలి లైట్ పలక మీద దుమ్ము, డబ్బాతో వచ్చిన సన్న బ్రష్ దానికే.

జూమ్ చేస్తే బొమ్మ మసకగా ఉంది

ముందు ఫిల్మ్ వంగి ఉందేమో చూడండి. స్లీవ్‌లో పెట్టి బరువైన పుస్తకాల కింద కొన్నాళ్ళు ఉంచితే సాపు అవుతుంది. అది కాకపోతే మీ ఆశే ఎక్కువ. ఎప్సన్ వి600 పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) అని ఉంటుంది, అంత వివరం దాంట్లోంచి రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. 2400లో పెట్టండి. 24×36 ఎంఎం ఫ్రేముకు సుమారు 3400×2270 పిక్సెళ్ళు వస్తాయి, 11 అంగుళాల ప్రింటుకు చాలు. కొడాక్ స్లైడ్ ఎన్ స్కాన్ అనే డబ్బా స్కానర్‌కు 22 మెగాపిక్సెల్ అని చెప్పేది సాఫ్ట్‌వేర్ సాగదీసిన లెక్క. అసలు అంకె ఏదో చూసి కొనండి.

బ్లాక్ అండ్ వైట్‌లో మొహాలు మైనంలా, అంచులు చెదిరి

డిజిటల్ ఐస్ ఆపేయండి, అంటే స్కాన్‌లో దుమ్ము మచ్చల్ని దానంతటదే చెరిపేసే సదుపాయం. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కలర్ ఫిల్మ్ రంగుల్లోంచి దూరిపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది, అలా పనిచేస్తుంది అది. ఊటీలో తయారైన ఇండు రోళ్ళ లాంటి మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండి, దాన్నే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. కోడాక్రోమ్ స్లైడ్లతోనూ ఇబ్బందే.

మిగతావి

నీలంగా, పాలిపోయి వస్తే ఫిల్మ్ రకం తప్పు పెట్టారు, లేదా క్రాప్‌లో హోల్డర్ నల్ల అంచు పడింది. పాత స్లైడు గులాబీ రంగుకు తిరిగితే దాని రంగులే వెలిసిపోయాయి, స్కానర్‌ను తిట్టకండి. నూనె మరక లాంటి రంగుల వలయాలు వస్తే ఫిల్మ్ అద్దానికి తగులుతోంది, మసక వైపు అద్దం మీదకు వచ్చేలా పెట్టి తర్వాత మిర్రర్ చేయండి. బూజు పట్టిన ఫిల్మ్‌ను నీళ్ళతో కడగకండి, బొమ్మ ఉన్న పొరే ఊడొస్తుంది. పాత స్కానర్ కొత్త విండోస్‌లో కనబడకపోతే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ వేసి చూడండి, డబ్బులు పెట్టి కొనాలి కానీ చాలా పాతవాటిని లేపుతుంది.

ఇవన్నీ చూశాక కూడా కొత్తది కావాలంటే, ముందు ఇంట్లో ఏం ఫిల్మ్ ఉందో చూసుకోండి. తాతయ్య అగ్ఫా క్లిక్ 3తో తీసినవి ఉంటే అది 120 ఫిల్మ్, 6×6 సెంటీమీటర్ల ఫ్రేము, 35 ఎంఎం డబ్బా స్కానర్లలో దూరదు, వి600 లాంటి ఫ్లాట్‌బెడ్ కావాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో సెకండ్ హ్యాండ్ చూస్తుంటే మీ నెగటివ్ ముక్క ఒకటి జేబులో పెట్టుకెళ్ళి, అక్కడే రెండు వైపులా తిప్పి స్కాన్ చేయించండి. ఇప్పటి కంప్యూటర్లకు తగలని పాత ఫైర్‌వైర్, స్కజీ తీగలున్నవి వద్దు. హోల్డర్లు లేకుండా స్కానర్ ఒక్కటే ఇస్తామంటే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి, అవి విడిగా దొరకడం కష్టం.