నకాదా కుండల కాలం గుర్తించడం – 4వ పాఠం: పడవను కాదు, గీతను చూడండి

నకాదా అంటే ఫారోల కంటే ముందు ఈజిప్టులో ఉన్న సంస్కృతి. పోయిన పాఠం అభ్యాసంలో పడవ బొమ్మ కనిపించిన ప్రతి కుండనూ చాలామంది దాని రెండో దశలో వేశారు. అందుకని ఈసారి రావలసిన రాతి పలకలను వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

పడవలు మొదటి దశ కుండల మీద కూడా ఉన్నాయి, తక్కువే అయినా. కాలం చెప్పేది మట్టి, దాని మీది గీత. నైలు ఒండ్రులో ఇనుము ఉంటుంది కాబట్టి ఎర్రగా కాలుతుంది. మొదటి దశలో (సుమారు క్రీ.పూ. 4000–3500) ఆ ఎర్రటి మెరుగు మీద తెల్ల గీతలు గీశారు. రెండో దశ (సుమారు క్రీ.పూ. 3500–3200) బొమ్మల కుండలకు ఎడారి అంచున దొరికే సున్నపు మట్టి వాడారు. అది పాలిపోయిన గంధపు రంగుకు కాలుతుంది. దాని మీద గీతలు ముదురు ఎరుపు.

మ్యూజియం ఫొటోల్లో పసుపు లైటు పడితే ఎరుపు కూడా గంధంలా కనిపిస్తుంది. మీలో ఎక్కువమంది తప్పింది ఇక్కడే. రంగు పేరు వెతక్కండి. గీత ముదురా, కుండ ఒళ్లు ముదురా? ఈ ఒక్క ప్రశ్న చాలు. ఒళ్లు ముదురైతే మొదటి దశ, గీత ముదురైతే రెండోది. నలుపు తెలుపు ఫొటోలోనూ ఇది పనిచేస్తుంది. ఇంకా అనుమానముంటే జంతువు కడుపు చూడండి. మొదటి దశ నీటిగుర్రం ఒంటినిండా అడ్డదిడ్డం గీతలుంటాయి, రెండో దశ పక్షుల ఒళ్లు నిండుగా పూసేసి ఉంటుంది.

నల్లమూతి కుండను మాత్రం కాలానికి సాక్ష్యంగా తీసుకోకండి. నకాదాకు ముందున్న బదరీ సంస్కృతి కాలం నుంచి రెండో దశ దాకా చేస్తూనే ఉన్నారు. ఆ నలుపు పూసిన రంగు కాదు. కాల్చేటప్పుడు మూతికి గాలి ఆడక, పొగలోని మసి పట్టి వచ్చింది. అందుకే లోపల కూడా నలుపే, బయట నలుపు ముగిసేచోట ఎరుపులోకి మెల్లగా కరుగుతుంది.

అలల పిడి జాడీలు నాకు అన్నిటికన్నా నమ్మకమైనవి. మొదట పట్టుకోవడానికి పనికొచ్చే ఉబ్బు పిడి, తర్వాత అలంకారం, చివరికి స్తంభంలాంటి జాడీ చుట్టూ ఒక గీత మిగిలింది. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1890లలో తవ్విన సమాధులను వరసలో పెట్టినప్పుడు ఈ మార్పే ఒక ముఖ్య ఆధారం.

అభ్యాసం: లండన్‌లోని పెట్రీ మ్యూజియం ఆన్‌లైన్ జాబితాలో 20 బొమ్మల కుండలు ఎంచుకోండి. వివరణ మూసేసి గీత, ఒళ్లు, జంతువు కడుపు మాత్రమే రాసుకుని కాలం చెప్పండి. మూడు తప్పితే మరో 20 తీసుకోండి. తర్వాత ఆరు అలల పిడి జాడీలను పాతదాని నుంచి కొత్తదానికి వరసగా పెట్టండి.