కాంటెస్సాకి వెనక వెడల్పు టైర్లు ఎక్కిద్దామంటే ముందుగాల టేపు పట్టుండ్రి

మన దిక్కు పాత స్పోర్ట్స్ కార్ అంటే ఎవలికైనా ముందు యాదికొచ్చేది కాంటెస్సానే, నిజానికి అది స్పోర్ట్స్ కార్ కానే కాదు, ఇంగ్లండ్ల వాక్స్‌హాల్ విక్టర్ అని ఒక ఫ్యామిలీ కార్ ఉండె, దాని డిజైన్ తెచ్చుకొని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1980ల నడుమ నుంచి 2002 దాంక చేసిన్రు. గని ఆ పొడుగు బానెట్టు, వెనక చక్రాలకు వచ్చే పవర్, ఇసుజు 1.8 ఇంజన్ సప్పుడు, ఇవన్ని చూసినంక వెనక సన్నపు టైర్లు చూస్తే మనసొప్పది. నాకూ గట్లనే అయింది.

నేను చేసిన తప్పు ముందు చెప్త. నల్లగొండల ఒక షాపుల రిమ్ములు తళతళ మెరుస్తుంటే మనసు ఆగలే, కొలత లేదు ఏం లేదు, బోల్టులు పట్టినయా పట్టినయి, ఇగ ఎక్కిచ్చుకొని వచ్చిన. ఖాళీ బండి వారం రోజులు మంచిగనే తిరిగింది. వెనక ముగ్గురిని కూసోపెట్టుకొని మిర్యాలగూడ పెండ్లికి పోతుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ మీదనే గర్ర్ అని సప్పుడు, దిగి చూస్తే మడ్‌గార్డ్ అంచు టైర్ పక్క గోడను కత్తి లెక్క కోసింది. పెండ్లికి ఆటోల పోయినం. షాపాయనది తప్పు అనను, కొలవాల్సింది నేను.

మొదటి లెక్క టైర్ ఎత్తు. నా బండికి పాత ఓనర్ వేసినయి 185/70 ఆర్14 ఉండె, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అండ్ల 70 శాతం, అంటే 129.5, అది కింద మీద రెండు సార్లు, దానికి రిమ్ము 14 ఇంచులు అంటే 355.6 కలిపితే మొత్తం ఎత్తు 615 దగ్గరికొస్తది. కొత్తది ఏది వేసినా ఈ 615కి అటు ఇటు రెండు శాతం లోపల ఉండాలె. 195/60 ఆర్15 అయితే సరిగ్గ 615, 205/60 ఆర్15 అయితే 627, అంటే రెండు శాతం పెద్దది, 205/55 ఆర్15 అయితే 606, కొంచెం పొట్టి. ఈ లెక్క ఎందుకంటే వెనక చక్రాలు నడిపే బండ్లల్ల స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచే వస్తది, వెనక టైర్ పెద్దదైతే మీటర్ల 80 చూపెడుతుంటే బండి అసలుకు 82 మీద పోతుంటది, పైగ గేరింగ్ కూడ బరువైతది, పాత ఇంజన్ ఎత్తు ఎక్కుడు కష్టం. 14 ఇంచులల్ల వెడల్పు టైర్లు దొరుకుడు ఇప్పుడు మస్తు తక్కువ, అందుకే చానమంది 15కి పోతున్నరు, అండ్ల తప్పేం లేదు.

ఇగ అసలు కథ రిమ్ము. అందరు వెడల్పు ఒక్కటే అడుగుతరు, ఆఫ్‌సెట్ ఎవలు అడగరు. రిమ్ము నడిమి గీత నుంచి అది డ్రమ్ముకు ఆనే చోటు ఎంత బయటికి ఉన్నది అనేదే ఆఫ్‌సెట్, రిమ్ము లోపల దిక్కు ఈటీ అని అచ్చు గుద్ది ఉంటది. లెక్క చూడుండ్రి, పాత రిమ్ము 5.5 ఇంచులు, ఈటీ 30 అనుకుందాం, అంటే సగం వెడల్పు 70 మిల్లీ, లోపలికి 70కి 30 కలిపి 100, బయటికి 70ల 30 తీసేస్తే 40. కొత్తది 7 ఇంచులు, ఈటీ 20 అనుకుంటే సగం 89, లోపలికి 109, బయటికి 69. చూసిన్రా, లోపలికి 9 మిల్లీలే జరిగింది గని బయటికి 29 మిల్లీలు వచ్చేసింది. నా టైర్ కోసుకపోయింది ఇట్లనే. ఇంకో సంగతి, చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగు మీద బరువు పొడుగు కట్టె లెక్క పనిచేస్తది, బేరింగు తొందరగ అరుగుతది.

బోల్టుల కొలత కూడ సక్కగ తీయాలె. నాలుగు బోల్టులైతే ఎదురెదురు రంధ్రాల నడిమి నుంచి నడిమి దాంక కొలిస్తే సరిపోతది. ఐదు అయితే ఎదురెదురు ఉండవు, అందుకే పక్కపక్క రెండింటి నడిమి దూరం కొలిచి 1.7 తోని గుణించాలె. 67.2 మిల్లీలు వస్తే అది 114.3 పీసీడీ, అంటే బోల్టులన్ని కూసునే గుండ్రం వెడల్పు గంత అన్నట్టు. 112 రిమ్ము తెచ్చి రెండు మిల్లీలే కదా కొట్టి ఎక్కిద్దాం అంటే వద్దు, స్టడ్డులు, అంటే నట్లు ఎక్కే బోల్టులు, వంగి తర్వాత తెగుతయి. నడిమి పెద్ద రంధ్రం కూడ హబ్బుకు, అంటే చక్రం తొడిగే నడిమి బొడిపెకు, బిర్రుగ కూసోవాలె, పెద్దగుంటే రింగులు వేయాలె, లేకుంటే స్పీడ్ పెరగంగనే బండి వణుకుతది. నట్లు కూడ రెండు తీర్లుంటయి, కోసుగ ఉన్నయి, గుండ్రంగ ఉన్నయి, రిమ్ము రంధ్రం ఎట్లుంటే నట్టు గట్లనే ఉండాలె, పాత ఇనుప రిమ్ము నట్లు అలాయ్‌కి పెట్టుకోవద్దు.

కొనకముందే బండి కింద కొలత తీసే ఉపాయం చెప్త. బండిని సదునుగ ఉన్న గచ్చు మీద పెట్టి పాత చక్రం విప్పకముందే, మా అవ్వ జొన్న రొట్టెలకు కలిపిన పిండిల కొంచెం అడిగి తెచ్చిన, కొంచెం గట్టిగ ఉండాలె, దాన్ని చిన్న చిన్న ముద్దలు చేసి మడ్‌గార్డ్ లోపలి అంచుకు, లోపల దిక్కు స్ప్రింగు దగ్గర, షాక్ అబ్జార్బర్ దగ్గర అంటిచ్చిన. తర్వాత డిక్కీల రెండు వడ్ల బస్తాలు వేసి వెనక ముగ్గురిని కూసోపెట్టి ఊరి గుంతల రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టిన. వచ్చి చూస్తే ముద్దలు ఎక్కడ నొక్కుకున్నయో అక్కడ ఎంత మందం మిగిలిందో స్కేలు పెట్టి కొలిస్తే టైర్‌కి నిజంగ ఉన్న జాగ అదే. అవ్వ తిట్టింది అది వేరే సంగతి. కొత్త టైర్ పాతదానికన్న ఎంత లోపలికి ఎంత బయటికి వస్తదో పైన చెప్పిన లెక్కతోని తీసి, రిమ్ము దాటి వచ్చే టైర్ ఉబ్బు కూడ కలిపి, దీంట్ల నుంచి తీసేయాలె. ఆడికి లోపల దిక్కు పది మిల్లీలు, బయట ఎనిమిది మిల్లీలన్న మిగిలితే నేను ముందుకు పోత, లేకుంటే ఒక సైజు తగ్గిస్త.

రెండు దిక్కుల వేరువేరుగ చేయాలె, ఇది మర్చిపోవద్దు. ఒక దిక్కు కొలిచి రెండోది కూడ గంతే అనుకోవద్దు, పాత బండ్ల ఇరుసు బాడీకి సరిగ్గ నడుమ ఉండది, నా బండికి ఎడమ దిక్కు ఆరు మిల్లీలు తక్కువ ఉండె, ఎప్పుడో డెంటింగ్ చేసినప్పుడు జరిగిందో మొదటి నుంచే గట్ల ఉన్నదో. కమాన్ కట్టల బండ్లయితే ఇంకా జాగ్రత్త, మలుపుల కమాన్ పట్టీలు పక్కకు వంగి ఇరుసే కొంచెం జరుగుతది. ఇగ హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్రేక్ పైపు, సైలెన్సర్ పైపు, ఇవి కూడ లోపలి టైర్ అంచుకు ఎంత దూరమో చెయ్యి పెట్టి చూడాలె.

నాలుగైదు మిల్లీలు తక్కువ పడితే మడ్‌గార్డ్ లోపలి అంచును మడిచి పైకి నొక్కుతరు. పెయింట్ మీద హాట్ గన్‌తోని వేడి చేసుకుంట మెల్లమెల్లగ నొక్కాలె, సుత్తెతోని కొడితే రంగు పెచ్చులు ఊడి వానకాలం రాకముందే తుప్పు మొదలైతది. మంచి డెంటర్ దొరికితే ఆయనకే ఇయ్యండ్రి. గ్రైండర్‌తోని అంచు మొత్తం కోసేసుడు మాత్రం ఒప్పుకోవద్దు, ఆ అంచే మడ్‌గార్డ్‌కి బలం.

స్పేసర్లు, అంటే రిమ్ముకు డ్రమ్ముకు నడుమ పెట్టే బిళ్లలు, వాడాల్నా అంటే, మూడు నాలుగు మిల్లీలవి ఓకే గని స్టడ్డు పొడుగు చూసుకోవాలె. స్టడ్డు మందం 12 మిల్లీలయితే నట్టు కూడ కనీసం 12 మిల్లీలు లోపలికి ఎక్కాలె, 1.5 పిచ్, అంటే ఒక్కో చుట్టుకు 1.5 మిల్లీలు ఎక్కే మర, ఉంటే చేతితోని ఎనిమిది చుట్లు తిరగాలె, నాలుగు చుట్లకే బిగుసుకుంటే ఆ స్పేసర్ వద్దు.

ఎక్కిచ్చే రోజు పెద్ద పనేం లేదు. డ్రమ్ము మీద తుప్పు వైర్ బ్రష్‌తోని గీకి, నట్లు ఎదురెదురుగ చేతితోనే ఎక్కిచ్చి, బండి కిందికి దించినంక టార్క్ పానాతోని, అంటే ఎంత బలంతోని బిగిస్తున్నమో చూపెట్టే పానాతోని, బిగియ్యాలె, 12 మిల్లీ స్టడ్డులకు 80 నుంచి 100 న్యూటన్ మీటర్ల లోపల ఉంటది, గాలి గన్‌తోని మాత్రం దంచనియ్యవద్దు. వంద కిలోమీటర్లు తిరిగినంక మళ్ల ఒకసారి బిగియ్యాలె. టైర్ మీద ఆఖరి నాలుగు అంకెలు చూడుండ్రి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, షాపుల మూడేండ్లు పడున్న టైర్‌ని కొత్తదని అమ్ముతరు.

ఎక్కిచ్చినంక బండి నడక మారుతది, అది ముందే తెలిసుండాలె. వెనక పట్టు పెరిగి ముందు సన్నగనే ఉంటే మలుపుల ముందు చక్రాలు జారుతయి, స్టీరింగ్ తిప్పినా బండి బయటికే పోతది. దోమలపెంట దిక్కు ఘాట్‌ల ఇది సాఫ్‌గ తెలుస్తది. అందుకే ముందు కూడ ఒక సైజు పెంచుకుంటే మంచిది, వెనక 205 అయితే ముందు 195. వానల వెడల్పు టైర్ నీళ్ల మీద తేలుతది, దానిమీద నమ్మకం పెట్టుకొని 65వ నంబర్ హైవే మీద వానల తొక్కవద్దు. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద అయితే ఏ టైర్ అయినా ఒక్కటే, అక్కడ మెల్లగనే పోవాలె. గాలి పాత బండికి రాసినదానితోనే మొదలుపెట్టి, నెల తర్వాత టైర్ నడిమి ఎక్కువ అరిగితే కొంచెం తగ్గించాలె, అంచులు అరిగితే పెంచాలె.

చట్టం సంగతి ఒక్క ముక్క. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 52 బండిని కంపెనీ ఇచ్చినదానికి వేరేగ మార్చుడు మీద ఆంక్షలు పెట్టింది, మడ్‌గార్డ్ దాటి బయటికి వచ్చిన టైర్ దూరం నుంచే కనపడ్తది, ఫిట్‌నెస్‌కి పోయినప్పుడు ఆపుతరు. మడ్‌గార్డ్ లోపలే ఉండేటట్టు చూసుకొని ఇన్సూరెన్స్ వాళ్లకు కూడ చెప్పి పెట్టుకోండ్రి. పాత రిమ్ములు అమ్ముకోకుండ్రి, అటకమీద పెట్టుకోండ్రి.

స్టెప్నీ గురించి ఎవలు ఆలోచించరు. నేను పాత 185/70 ఆర్14నే స్టెప్నీగ ఉంచుకున్న, వెనక 195/60 ఆర్15 వేసుకున్న, రెండింటి ఎత్తు ఒక్కటే కాబట్టి వెనక పంచరైనా, రెండు వెనక చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ మీద భారం పడదు, మెల్లగ నార్కట్‌పల్లి దాంక వచ్చి పంచర్ ఏపిచ్చుకోవచ్చు. నట్లు మాత్రం పాత రిమ్ముకు వేరేయి కావాలె, అవి డిక్కీల చిన్న డబ్బాల పెట్టుకున్న, పానాతోపాటు.