కెమెరా ఎర్రర్ చూపిస్తే: ముందు కార్డు, తర్వాత లెన్స్, ఆ తర్వాతే సర్వీస్ సెంటర్

కెమెరా తెర మీద ఎర్రర్ కనబడగానే చాలామంది టెన్షన్‌లో మెనూలోకి వెళ్లి చేతికి దొరికిన సెట్టింగల్లా మార్చేస్తారు, లేదంటే అది 'ఫార్మాట్ చేయాలా?' అని అడగ్గానే ఓకే నొక్కేస్తారు. రెండోది మాత్రం అస్సలు చేయకండి. ఆ సందేశం కెమెరా ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది, అంతే. అసలు ఏది పాడైందో మనమే తేల్చుకోవాలి.

తేల్చే పద్ధతి సులువే. కెమెరా ఆఫ్ చేసి బ్యాటరీ తీయండి, కాసేపు ఆగి ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టండి, కార్డు లేకుండా ఆన్ చేయండి. ఎర్రర్ పోయిందంటే అనుమానం కార్డు మీదే. పోకపోతే లెన్స్ మార్చి చూడండి. ఇంకో లెన్స్‌తోనూ అదే వస్తే గొడవ బాడీలో ఉంది. కార్డు లేకుండా షట్టర్ పడనివ్వని కెమెరాలు కొన్ని ఉంటాయి, దాన్ని అనుమతించే సెట్టింగ్ మెనూలోనే దొరుకుతుంది.

'కార్డ్ ఎర్రర్', 'ఈ కార్డును ఫార్మాట్ చేయండి'

కార్డు కాంటాక్టుల మీద మురికి ఉండొచ్చు. కెమెరా ఇంకా రాస్తుండగా, అంటే చిన్న లైటు వెలుగుతుండగానే కార్డు లాగేసి ఉండొచ్చు, అప్పుడు ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. లేదా కార్డు బాగానే ఉండి కెమెరాయే పాతదై ఉండొచ్చు: ఎక్కువ సామర్థ్యం ఉన్న ఎస్‌డీ కార్డు రకాల్లో ఎస్‌డీహెచ్‌సీ 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ (64 జీబీ కార్డులు ఈ రకమే) 2009లో వచ్చాయి కాబట్టి, అంతకు ముందు తయారైన కెమెరాలో 64 జీబీ కార్డు పెట్టి పనిచేయలేదని బాధపడి లాభం లేదు.

ముందు కార్డును రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌లో చూడండి. ఫోటోలు కనబడితే కాపీ చేసుకుని, కార్డును మళ్లీ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు. కనబడకపోతే ఆ కార్డు మీద ఇంక ఒక్క ఫోటో కూడా తీయొద్దు, ఎందుకంటే కొత్తది రాస్తే పాతది శాశ్వతంగా పోవచ్చు. కంప్యూటర్ కూడా ఫార్మాట్ చేయమని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించి, దొరికిన ఫైళ్లను వేరే డ్రైవ్‌లో దాచుకోండి. పని అయ్యాక ఆ కార్డును ముఖ్యమైన షూట్‌కి వాడకపోవడమే మేలు.

కొన్ని ఫోటోల దాకా బాగానే ఉండి ఆ తర్వాతివేవీ తెరుచుకోకపోతే అది సామర్థ్యం ఎక్కువ రాసి అమ్మిన నకిలీ కార్డేమో చూడాలి. కార్డును ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే తెలిసిపోతుంది.

'కార్డ్ లాక్డ్' అంటే ఎస్‌డీ కార్డు పక్కన ఉన్న బుల్లి స్విచ్ కిందికి జారిందని. పైకి జరపండి. ఆ స్విచ్ వదులైపోయి ప్రతిసారీ జారుతుంటే కార్డు మార్చేయండి.

'ఎర్ 01', లేదా లెన్స్‌ను గుర్తించలేదన్న సందేశం

క్యానన్‌లో ఎర్ 01 అంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య మాట కలవడం లేదని అర్థం. లెన్స్ తీసి దాని వెనక ఉన్న బంగారు రంగు కాంటాక్టులను, బాడీ వైపు ఉన్నవాటినీ శుభ్రమైన పొడి గుడ్డతో తుడవండి. మొండి మరక అయితే గుడ్డకి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. తుడిచేటప్పుడు బాడీ మౌంటు (లెన్స్ బిగించే చోటు) కిందికి చూసేలా పట్టుకోండి, నోటితో ఊదకండి (ఉమ్మి తుంపరలు సెన్సర్ మీద పడితే అది ఇంకో తలనొప్పి), రబ్బరుతో రుద్దకండి, ఆ పొడి లోపలికి పోతుంది.

తుడిచినా పోలేదా? అయితే ఈ పరీక్ష చేయండి. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎంత తెరవాలో మనమే ఎంచుకునే అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి, లెన్స్ ఎంత తెరుచుకోగలదో అంత తెరిచి, ఉదాహరణకు ఎఫ్ 3.5 దగ్గర, ఒక ఫోటో తీయండి. తర్వాత రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్ 8 పెట్టి తీయండి. మొదటిది సాఫీగా వచ్చి రెండో దానికే ఎర్రర్ వస్తే కాంటాక్టులది తప్పు కాదు. మామూలుగా అపర్చర్ రెక్కలు మూసుకునేది షట్టర్ నొక్కిన క్షణంలోనే, పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు అవి కదలాల్సిన పనే లేదు. కాబట్టి రెక్కలను కదిపే భాగమో, దానికి వెళ్లే సన్నని ఫ్లెక్స్ కేబులో పోయిందని అర్థం. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. కెమెరాతో పాటే వచ్చే మామూలు కిట్ లెన్స్ అయితే రిపేరు ఖర్చు వాడిన లెన్స్ ధరతో పోల్చుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

నికాన్‌లో 'ఎఫ్ఈఈ' అని వస్తే ఏమీ పాడవలేదు. పాత లెన్స్ మీద అపర్చర్ రింగు ఉంటుంది, దాన్ని అన్నిటికంటే పెద్ద సంఖ్యకి తిప్పి లాక్ చేయాలి. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని మాన్యువల్ లెన్స్‌ని మిర్రర్‌లెస్ బాడీకి తగిలించినప్పుడు షట్టర్ పడకపోతే, మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' అన్న సెట్టింగ్ ఆన్ చేయండి, అంతే.

చిన్న కెమెరాల్లో 'లెన్స్ ఎర్రర్'

లెన్స్ గొట్టం బయటికి వస్తూ మధ్యలో ఆగిపోతుంది. బ్యాటరీ బలహీనమైనా, సందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా, కింద పడినా ఇదే వస్తుంది. బ్యాటరీ మార్చి, లెన్స్ కిందికి చూసేలా పట్టుకుని బ్లోయర్‌తో గొట్టం చుట్టూ గాలి కొట్టి ఆన్ చేయండి. చేత్తో లాగి సరిచేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, లోపలి గేర్ల పళ్లు విరగడానికి అదే దగ్గరి దారి.

వీడియో మధ్యలో ఆగిపోతోంది

కార్డు నెమ్మదిగా రాస్తే ఇలా అవుతుంది. వీ30 గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదు, మామూలు 4కేకి అది చాలు. ఎక్కువ బిట్‌రేట్ (సెకనుకు రికార్డయ్యే డేటా) పెడితే మాత్రం ఇంకా వేగం కావాలి. కార్డు మంచిదే అయినా ఉష్ణోగ్రత హెచ్చరిక వస్తోందంటే ఆఫ్ చేసి, బ్యాటరీ తలుపు తెరిచి, నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ చేరుతుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోంది

తేదీని గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ లోపల అడుగంటింది. చాలా మోడళ్లలో ఛార్జ్ ఉన్న మెయిన్ బ్యాటరీని ఒక రాత్రంతా కెమెరాలో వదిలేస్తే అది దానంతటదే నిండుతుంది. కొన్ని పాత మోడళ్లలో మాత్రం నాణెం ఆకారపు బ్యాటరీ విడిగా ఉంటుంది, దాన్ని మార్చుకోవాలి.