మూత్రంలో రాయి పడిందా? అది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

రాయి పడిపోగానే, నొప్పి వదిలిందన్న సంతోషంలో చాలామంది దాన్ని ఫ్లష్ చేసేస్తారు. మళ్లీ రాకుండా ఏం తినాలో, ఏం మానాలో చెప్పగలిగేది ఆ ముక్కే. పక్కింటాయనకి పనిచేసిన పథ్యం మీకు పనిచేయకపోవచ్చు. ఆయన రాయి వేరు, మీ రాయి వేరు కావచ్చు.

ముందు రాయిని పట్టుకోండి. నొప్పి మొదలైనప్పటి నుంచి, రాత్రిపూట సహా, ప్రతిసారీ మూత్రాన్ని మగ్గులో పట్టి టీ జల్లెడలోనో పల్చటి గుడ్డలోనో వడకట్టండి (ఆ జల్లెడ ఇక వంటింట్లోకి రాకూడదు). రాయి ఇసుక రేణువంతే ఉండొచ్చు. దొరికితే నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, మూత ఉన్న చిన్న డబ్బాలో వేయండి. సెలోటేపుతో కాగితానికి అంటించొద్దు, ఆ జిగురు పరీక్షకి అడ్డొస్తుంది. ఆపరేషన్ అయితే, ముక్కలు దాచమని డాక్టర్‌కి ముందే చెప్పండి.

ల్యాబ్‌లో ‘స్టోన్ అనాలిసిస్’ అడగండి. ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో చేసేది మంచిది. చాలా రాళ్లు ఒకే పదార్థంతో తయారవవు. పాత రసాయన పరీక్షల్లో ఆ కలగలుపు సరిగా తేలదు.

ఇక రిపోర్టు. ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేట్. పేరులో కాల్షియం ఉంది కదా అని పాలు, పెరుగు మానేస్తారు. అది తప్పు. భోజనంతో తీసుకున్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టేస్తుంది, మానేస్తే ఆక్సలేట్ మూత్రంలోకి ఎక్కువగా వెళ్తుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, కాబట్టి ఆవకాయ, అప్పడాల దగ్గర చెయ్యి కాస్త వెనక్కి తీసుకోక తప్పదు. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, రోజూ వద్దు. విటమిన్ సి బిళ్లలు సొంతంగా మింగొద్దు, అందులో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. టమాటా గింజలే రాళ్లవుతాయన్నది మాత్రం ఒట్టి మాట.

యూరిక్ యాసిడ్ రాయి కథ వేరు. మూత్రం ఆమ్లంగా, అంటే పీహెచ్ 5.5 కంటే తక్కువగా ఉన్నవాళ్లకి ఇది వస్తుంది. షుగర్, ఊబకాయం, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) ఉన్నవాళ్లలో ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో కనిపించదు, సీటీలో కనిపిస్తుంది. మందుతో బాగా కరిగేది ఇదే: డాక్టర్ పొటాషియం సిట్రేట్ ఇచ్చి పీహెచ్ పెంచుతారు, అంటే మూత్రాన్ని క్షారం వైపు తెస్తారు. మాంసం తగ్గించడం కూడా అవసరం.

అదే సిట్రేట్ సిరప్‌ని స్ట్రువైట్ రాయి ఉన్నవాళ్లు మెడికల్ షాపులో కొని తాగితే? ఈ రాయి ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది. ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా యూరియాని విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, రాయి అందులోనే పెరుగుతుంది. క్షారం ఇంకా పెంచితే ఏం లాభం? ఈ రాయిని మొత్తం తీసేయాలి, ఇన్ఫెక్షన్ కూడా తగ్గాలి. కాల్షియం ఫాస్ఫేట్ రాయి కూడా క్షార మూత్రంలోనే ఏర్పడుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే పొటాషియం ప్రమాదం కావచ్చు. పక్కవాళ్ల సిరప్ వద్దనేది అందుకే.

సిస్టీన్ రాయి అరుదు, వంశపారంపర్యం. పిల్లలకో, కుర్రవాళ్లకో మాటిమాటికీ రాళ్లొస్తుంటే దీన్ని అనుమానించాలి. తోబుట్టువులకీ పరీక్ష చేయించాలి.

రాళ్లు తిరగబెడుతుంటే 24 గంటల మూత్ర పరీక్ష చేయించండి. పొద్దున మొదటిసారి వచ్చిన మూత్రం పారబోసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చేదానితో సహా మొత్తం క్యాన్‌లో పట్టాలి. మంచి నమూనా కావాలని ఆ రోజు స్పెషల్‌గా పథ్యం చేయకండి, రోజూ తినేదే తినండి.

రకం ఏదైనా నీళ్లు తప్పవు. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. మన ఎండాకాలంలో, అందులోనూ బయట పనిచేసేవాళ్లకి, ఎంతో చెమటగా పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.

నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా జల్లెడ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కొన్నేళ్లకి ఇంకో రాయి పడితే దాన్నీ పంపండి. కొందరిలో రాయి రకం మారుతుంది. అప్పుడు పాత రిపోర్టు ప్రకారం పథ్యం చేస్తే లాభం ఉండదు.