రచయితతో ముఖాముఖి – 4వ పాఠం: రెండో ప్రశ్న

పోయిన పాఠంలో ప్రశ్నల జాబితా తయారుచేసుకున్నాం. రచయిత తొలి కథలు ఏ పత్రికలో ఎప్పుడు వచ్చాయో శ్రీకాకుళంలో ఉన్న తెలుగు కథల గ్రంథాలయం 'కథానిలయం' జాబితాల్లో వెతకడమూ చూశాం. ఆ ప్రశ్నల కాగితాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో ఈసారి నేర్చుకుందాం.

కాస్త పేరున్న రచయిత ఎవరైనా అవే ప్రశ్నలకు పదే పదే జవాబిచ్చి ఉంటారు. 'మీ సాహితీ ప్రస్థానం గురించి చెప్పండి' అంటే పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టి అవార్డుల దాకా చెప్పి ఆగుతారు. పాపం, ఇంకేం చెబుతారు? (ఆ ప్రశ్న మీ జాబితాలో ఇంకా ఉంటే ఇప్పుడే కొట్టేయండి.) మొదటి ప్రశ్నకు వచ్చేది చాలావరకు అలవాటైన జవాబే. అసలు సరుకు రెండో ప్రశ్నకు వస్తుంది. దాన్ని ఇంటి దగ్గర రాసుకుని వెళ్లలేం, జవాబులోంచే తీయాలి.

'ప్యారిస్ రివ్యూ' అనే ఇంగ్లిష్ సాహిత్య పత్రిక 1953లో తొలి సంచిక నుంచే రచయితలతో సంభాషణలు వేస్తోంది. 1958లో అందులో ఆ పత్రిక సంపాదకుడు జార్జ్ ప్లింప్టన్ అమెరికన్ నవలా రచయిత హెమింగ్వేతో జరిపిన సంభాషణ వచ్చింది. తిరగరాయడం ఎంతవరకు చేస్తారని ప్లింప్టన్ అడిగాడు. తన నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' చివరి పేజీని 39 సార్లు తిరగరాస్తే గానీ తృప్తి కలగలేదన్నాడు హెమింగ్వే.

ఇక్కడ మనలో చాలామందిమి 'అబ్బ, ఎంత ఓపిక సార్!' అనేసి జాబితాలో తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. మెచ్చుకోగానే ఆ విషయం అక్కడితో ముగిసిపోతుంది. ప్లింప్టన్ మెచ్చుకోలేదు. అక్కడ ఏదైనా సాంకేతికమైన చిక్కు వచ్చిందా, మిమ్మల్ని ఆపేసింది ఏమిటి అని అడిగాడు. మాటలు సరిగ్గా కుదరడం అన్నాడు హెమింగ్వే. ఆ సంభాషణలో జనం బాగా గుర్తుపెట్టుకున్న జవాబుల్లో ఈ చిన్న జవాబు ఒకటి.

ప్లింప్టన్ అడిగిన తీరు కూడా గమనించండి. మొదటి సగానికి 'అవును', 'లేదు' అంటే సరిపోతుంది. 'ఏమిటి' అన్న రెండో సగం ఆ దారి మూసేసింది. ఇంకో సంగతి, ఈ సంభాషణలో చాలా జవాబులు హెమింగ్వే రాసి ఇచ్చినవే. కాబట్టి అమెరికాలో ఉన్న తెలుగు రచయితను వాట్సాప్‌లో అడుగుతున్నా ఈ పద్ధతి పనికొస్తుంది. ప్రశ్నలన్నీ ఒకేసారి పంపేయకుండా ఉంటే చాలు.

జవాబులో దేన్ని పట్టుకోవాలి? అంకె, మనిషి, వస్తువు, లేదా రచయిత గబగబా దాటేసిన చోటు. మన దగ్గర తరచూ వినే జవాబు తీసుకుందాం.

'చిన్నప్పుడు చందమామ బాగా చదివేదాన్నండీ.'

'ఇంటికి పోస్టులో వచ్చేదా మేడమ్, అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకునేవారా?'

'అద్దెకే. ఒక్కరోజే ఇచ్చేవాడు. అన్నయ్య చదివాక నా చేతికి వచ్చేసరికి చీకటి పడేది.'

'మరి పూర్తయ్యేదా?'

'ఎక్కడ! సగం కథలకు ముగింపు నేనే కల్పించుకునేదాన్ని.'

రచయిత్రిగా ఆమె మొదలైన చోటు ఇక్కడ దొరికింది. 'మీకు స్ఫూర్తి ఎవరు?' అని అడిగితే ఇది రాదు.

పెద్దవాళ్లను గుచ్చి గుచ్చి అడగడానికి మనకు మొహమాటం. 'ఎందుకు?' అని సూటిగా అంటే కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లా ఉంటుంది కూడా. 'ఆ మాట ఇంకొంచెం చెప్పండి మాస్టారూ' అంటే చాలు, అదే పని జరుగుతుంది. ఒక్కోసారి ఏమీ అనక్కర్లేదు, పెన్ను ఆపి చూస్తే ఆయనే అందుకుంటారు. ఇంట్లో పోయినవాళ్ల ప్రస్తావన వచ్చి గొంతు తడబడితే మాత్రం తవ్వకండి. మంచినీళ్లు అందించి పుస్తకం దగ్గరికి రండి.

అభ్యాసం: రేడియోలో గానీ యూట్యూబ్‌లో గానీ వచ్చిన రచయిత ఇంటర్వ్యూ ఒకటి తీసుకోండి. ప్రతి జవాబు దగ్గరా ఆపి, తర్వాతి ప్రశ్న వినకముందే మీ రెండో ప్రశ్న రాయండి. అందులో ఆ జవాబులోని మాట కనీసం ఒకటి ఉండాలి, 'అవును'తో తేలిపోకూడదు. తర్వాత ఇంటర్వ్యూ చేసినవాళ్లు అడిగిన ప్రశ్న వినండి. చాలాచోట్ల వాళ్లు జాబితాకే వెళ్లిపోయి ఉంటారు. అలాంటి చోట్లకు టిక్కు పెట్టి ఆ కాగితం దాచండి. రికార్డింగును రాతలో పెట్టడం గురించి చెప్పే 5వ పాఠంలో దానితో పనుంది.