లైవ్ లైనక్స్‌లో మెమరీ - 3వ పాఠం: క్యాష్ గడిలో కలిసిపోయే ఫైళ్లు

పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిచే లైవ్ లైనక్స్‌లో, మెమరీ వాడకం తెలిపే ‘ఫ్రీ’ కమాండ్ చూపే పట్టీని పోయిన పాఠంలో చదివాం. చాలామందికి అక్కడే లెక్క తప్పింది. బఫ్/క్యాష్ (చదివిన ఫైళ్లను కెర్నెల్, అంటే లైనక్స్ మూల భాగం, ర్యామ్‌లో దాచే నిల్వ) గడిలో ఒకటిన్నర జీబీ కనబడగానే, ఆ నిల్వను వదిలేయమని చెప్పే డ్రాప్ క్యాషెస్ ఫైలులో 3 రాసేశారు. అంకె కొంచెం తగ్గి ఆగిపోయింది, మెనూ తెరిచినా పెన్‌డ్రైవ్ లైటు కొట్టుకోవడం మొదలైంది. జీర్యామ్ అంటూ వెతుకుతున్నవాళ్లు కూడా ఉన్నారు, అది జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే డేటాను కుదించి దాచే పరికరం). దాని సంగతికి ముందు ఇది తేల్చుకుందాం.

పెన్‌డ్రైవ్‌లోని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ (సిస్టమ్ ఫైళ్లన్నీ కుదించి పెట్టిన ఒకే ఫైలు) చదవడానికే పనికొస్తుంది. మీరు రాసేదంతా దాని మీద పరిచిన ఓవర్‌లే పైపొరకు, అంటే టీఎంపీఎఫ్‌ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) రూపంలో ర్యామ్‌లోకే పోతుంది. కెర్నెల్ ఈ పేజీలనూ (మెమరీ ముక్కలనూ) బఫ్/క్యాష్‌లోనే కలుపుతుంది. వీటికి ఇంకెక్కడా నకలు లేదు కాబట్టి డ్రాప్ క్యాషెస్ వీటి జోలికి పోదు. అది వదిలేసేది ఇమేజ్ నుంచి చదివిన పేజీలను. వాటిని మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి చదివి, విప్పి తెచ్చుకోవాలి, అందుకే ఆ నత్తనడక. ఆ కమాండ్ మర్చిపోండి. షేర్డ్ (టీఎంపీఎఫ్‌ఎస్ వాడకం కనబడేది), అవైలబుల్ (ప్రోగ్రాములకు ఇంకా దొరికేది) గడులు చూడండి, చాలు.

హోమ్ ఫోల్డర్లో డీడీ (డేటా నకలు చేసే కమాండ్)తో 500 ఎంబీ ఫైలు రాయండి. షేర్డ్ సుమారు 500 పెరుగుతుంది, అవైలబుల్ అంతే తగ్గుతుంది. ఫైలు తీసేస్తే రెండూ వెనక్కి వస్తాయి. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి ఉంచితే మాత్రం అది మూసేదాకా రావు.

లిబ్రేఆఫీస్ తీసేస్తే మెమరీ మిగులుతుందనుకోవడం ఇంకో పొరపాటు. ఇమేజ్‌లోని ఫైలు చెరగదు, పైపొరలో ‘ఇది లేదు’ అనే గుర్తు పడుతుంది. ప్యాకేజీల జాబితా కూడా తిరగరాయాలి కాబట్టి వాడకం పెరుగుతుంది. అలాగే ఇమేజ్‌లోని 300 ఎంబీ ఫైలులో ఒక్క అక్షరం మార్చినా ఫైలంతా పైకి నకలవుతుంది. నిజంగా ఖాళీ అయ్యేది ‘ఏపీటీ క్లీన్’ (దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను చెరిపే కమాండ్)తో, డౌన్‌లోడ్లు తీసేస్తేనే. ఫైర్‌ఫాక్స్ డిస్క్ క్యాష్‌ను బూట్ అవగానే ఆపేయడం నా పద్ధతి.

ఇక జెడ్‌ర్యామ్: మాడ్యూల్ ఎక్కించి, ‘జెడ్‌ర్యామ్ సీటీఎల్’తో 2 జీబీ పరికరం జెడ్‌ఎస్‌టీడీ అల్గారిదంతో సృష్టించి, ఎంకేస్వాప్‌తో దాన్ని స్వాప్‌గా (ర్యామ్ నిండితే పేజీలు పంపే చోటుగా) సిద్ధం చేసి, స్వాప్ఆన్‌తో వాడుకలోకి తెస్తూ ప్రాధాన్యం 100 ఇవ్వండి. టీఎంపీఎఫ్‌ఎస్ పేజీలు కూడా దీనిలోకి కుదించుకుపోతాయి.

అభ్యాసం: బూట్ లైనులో మెమ్ పరిమితి 2జీ పెట్టి బూట్ చేసి, పై స్వాప్ సిద్ధం చేయండి. బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిచాక 600 ఎంబీ ఫైలు రాయండి. ఒకసారి జీరో పరికరం (సున్నాలే ఇచ్చేది) నుంచి, ఆ ఫైలు తీసేసి మరోసారి యూర్యాండమ్ (యాదృచ్ఛిక డేటా ఇచ్చేది) నుంచి. రెండుసార్లూ ‘జెడ్‌ర్యామ్ సీటీఎల్’ చూపే పట్టీలో డేటా, కంప్రెస్డ్ అంకెలు రాసుకోండి. సున్నాలు దాదాపు ఏమీ ఆక్రమించవు, యాదృచ్ఛిక డేటా కుదించుకోదు. టీఎంపీఎఫ్‌ఎస్ గరిష్ఠ పరిమాణం మామూలుగా ర్యామ్‌లో సగం, ఫైలు మధ్యలో ఆగితే ముందు డీఎఫ్ (ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ చూపే కమాండ్)లో అది చూడండి.