పిల్లలకు బీపీ చూపించే ముందు

పిల్లలకు బీపీ ఏమిటని కొట్టిపారేసేవాళ్లు కొందరు. మిషన్‌లో ఒక్కసారి 134 కనబడగానే టెన్షన్ పడి మందుల గురించి అడిగేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటే. పిల్లల బీపీలో సగం తంటా కొలవడంలోనే ఉంటుంది.

ముందు కఫ్, అంటే చేతికి చుట్టి గాలి నింపే పట్టీ, సంగతి చూడండి. బొద్దుగా ఉన్న చేతికి చిన్న కఫ్ బిగిస్తే లేని బీపీ కనబడుతుంది; సన్నటి చేతికి పెద్దది చుడితే ఉన్న బీపీ దాక్కుంటుంది. కఫ్‌లో గాలి నిండే భాగం పొడవు పైచేయి చుట్టుకొలతలో 80 నుంచి 100 శాతం, వెడల్పు కనీసం 40 శాతం ఉండాలి. వయసును కాదు, చేతి లావును చూసి ఎంచుకోవాలి. బాగా లావుగా ఉన్న టీనేజర్లకు ఒక్కోసారి తొడకు కట్టే కఫ్ కావాల్సి వస్తుంది. అడగడానికి మొహమాటపడకండి.

మెట్లెక్కి వచ్చిన పిల్లవాడికి, ఏడుస్తున్న పాపకు వెంటనే చూడనివ్వొద్దు. మూడు నుంచి ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. ఫోన్‌లో గేమ్ ఆడుతూ కూర్చుంటే అది విశ్రాంతి కాదు. కుడిచేతికి, గుండె ఎత్తులో చూడాలి. మిషన్ ఎక్కువ చూపిస్తే స్టెతస్కోప్‌తో మళ్లీ చూడమనండి.

13 ఏళ్లు నిండినవాళ్లకు 120/80 లోపు నార్మల్. పైది 130 గానీ కిందిది 80 గానీ చేరితే హైబీపీ లెక్క. అంతకంటే చిన్నవాళ్లకు వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టికతో పోల్చాలి. పైది 118 ఉంటే పెద్దలకు మామూలే, ఐదేళ్ల పిల్లకు మాత్రం ఎక్కువ. అందుకే ఎత్తు కూడా ఆ రోజే కొలిపించండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తేనే హైబీపీ అని ఖాయం చేస్తారు. డాక్టర్‌ని చూస్తేనే పెరిగే బీపీ అనిపిస్తే 24 గంటలు కట్టి ఉంచే మిషన్ తేల్చేస్తుంది.

నెలలు నిండకుండా పుట్టారా, మూత్రంలో ఇన్ఫెక్షన్లు వచ్చాయా, రాత్రిళ్లు గురక ఉందా, స్టెరాయిడ్లు, ముక్కుదిబ్బడ మందులు వాడుతున్నారా అన్నవి ముందే రాసిపెట్టుకోండి. ఆరేళ్లలోపు పిల్లల్లో హైబీపీ తేలితే కిడ్నీలను స్కాన్‌లో చూడాల్సిందే. కాలికీ బీపీ చూస్తే విచిత్రంగా అనుకోవద్దు. చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ ఉంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఇరుకైందేమోనని అనుమానించాలి.

బీపీ బాగా ఎక్కువగా ఉండి తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ వంటివి వస్తే మాత్రం మూడో రీడింగ్ దాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.